తిరుపతిలో మూడు రాత్రులు, మూడు లాకర్లు

నరసరావుపేటలో మాది నాన్న కాలం నాటి బీరువాల షాపు. అందుకే ఏ ఊళ్లో దిగినా మంచం, బాత్రూం చూసేకన్నా ముందు నా చెయ్యి లాకరు తలుపు మీదకు పోతుంది. కార్తీకంలో అమ్మను, అక్కను తీసుకుని తిరుపతి వెళ్లినప్పుడు ఈ అలవాటుకు ఇంకో కారణం తోడైంది. మా ఊళ్లో ఒక హాస్టల్ ఆయన ప్లాస్టిక్ లాకర్లు కావాలని అడిగి ఉన్నాడు. ఇనుప రేకుతో చేయడం తప్ప నాకు వాటి సంగతి పెద్దగా తెలియదు.

తెల్లవారుజామున రైలు దిగేసరికి వాన. విష్ణు నివాసం స్టేషన్ ఎదురుగానే ఉంది, శ్రీనివాసం ఆర్టీసీ బస్టాండు దగ్గర. రెండు చోట్లా మాకు గది దొరకలేదు. దగ్గర్లోనే ఒక ప్రైవేటు డార్మిటరీలో మూడు మంచాలు తీసుకున్నాం. గోడ పొడవునా నీలం, తెలుపు రంగుల్లో ప్లాస్టిక్ లాకర్లు. ఒక్క తుప్పు మరక లేదు, తలుపు వేస్తే ధన్‌మని మోత లేదు. రాత్రంతా ఎవరో ఒకరు సామాను తీసుకుంటూ ఉండే చోట చప్పుడు లేకపోవడం ఎంత సుఖమో పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లకు తెలుస్తుంది. పట్టుకుని చూస్తే ఏబీఎస్ అనే ప్లాస్టిక్. స్కూటర్ల పై భాగాలకు, హెల్మెట్లకు వాడే గట్టి రకం. మనసులో హాస్టల్ ఆయనకు ఇవే ఖాయం చేసేశాను.

సాయంత్రం కపిలతీర్థం వెళ్దామని అమ్మ మందులు, గాజులు, డబ్బు లోపల పెట్టి తాళం వేశాను. సరిగా పడిందో లేదోనని పిడి పట్టుకుని లాగితే, తాళం ఉన్న వైపు కాదు, అవతలి వైపు నుంచి తలుపు ఊడి చేతికొచ్చింది. తాళం మాత్రం వేసింది వేసినట్టే వేలాడుతోంది. తలుపు తిరిగే బందు దగ్గర వేలితో తడిమి చూశాను. అగ్గిపుల్లకన్నా కాస్త లావున్న ప్లాస్టిక్ పుల్ల ఒకటి, పైనా కిందా రెండు గుంటల్లో కూర్చుని ఉంది. అంతే, తలుపు మొత్తానికి అదే ఆధారం. మడత పడేచోట నీలం రంగు పోయి తెల్లగా పాలిపోయింది. ఏబీఎస్ మీద బరువు పడి లోపల సన్నటి బీటలు మొదలైతే అలాగే తెల్లబారుతుంది. విరగబోతున్నానని అది ముందే చెబుతోందన్నమాట.

మేనేజర్‌ను పిలిస్తే, "ఏం కాదు సామీ, కొంచెం పైకెత్తి నొక్కండి, కూర్చుంటుంది" అన్నాడు. కూర్చుంది. కానీ అలా నొక్కితే కూర్చునేది అలా లాగితే వచ్చేస్తుంది కదా. వేరే లాకరు అడిగితే ఖాళీ లేదన్నాడు. అక్క సామాను దగ్గర ఉండిపోయింది, అమ్మా నేనూ వెళ్లొచ్చాం. ఏమీ పోలేదు. కానీ కార్తీకంలో కపిలతీర్థంలో దీపం పెట్టాలని గుంటూరు నుంచి వత్తులు చేసుకుని తెచ్చింది అక్క. నాకు ఇప్పటికీ అదే బాధ. ఆ రాత్రి ముగ్గురికీ టెన్షనే, సరిగా నిద్ర లేదు.

మర్నాడు అమ్మను, అక్కను బస్సెక్కించి నేను అలిపిరి నుంచి నడిచాను. 3550 మెట్లు. నడిచేవాళ్ల బ్యాగులు కింద తీసుకుని కొండ మీదకు ఉచితంగా చేరవేస్తారు. జిప్పుకు చిన్న తాళం వేసి, రసీదు జాగ్రత్తగా పెట్టుకుంటే చాలు. మందులు, నీళ్లు మాత్రం దగ్గరే ఉంచుకోండి.

పైన పీఏసీ హాల్లో దిగాం. యాత్రికుల వసతి సముదాయం అని పూర్తి పేరు, అందరూ పీఏసీ అనే అంటారు. గది దొరకలేదని దిగులు పడేవాళ్లకు నేను గట్టిగా చెప్పే చోటు ఇదే. పైసా తీసుకోరు. పెద్ద హాలు, పడుకోవడానికి చోటు, స్నానాల గదులు, సామానుకు లాకరు. మాకు దొరికింది ఇనుపది, మనిషి మోకాలంత ఎత్తు. తలుపు వేస్తే మోత వస్తుంది, నిజమే. కానీ బందు రేకుకు అతికించి ఉంది, గడియ మందంగా ఉంది, తలుపుకు గాలి రంధ్రాలున్నాయి. అమ్మ తడి చీర పిండి పెట్టినా మర్నాటికి ముక్కిన వాసన రాలేదు. కింద ప్లాస్టిక్ పెట్టెలో పెట్టిన తువ్వాలు ఒక్క పూటకే వాసనొచ్చింది, ఎందుకంటే దానికి ఒక్క రంధ్రం లేదు.

కొండ మీద లాకరంటే వేరే సంగతి కూడా ఉంది. గుళ్లోకి ఫోను తీసుకెళ్లకూడదు. 300 రూపాయల టికెట్ ఉన్నా మాకు దర్శనం అయ్యి బయటికి వచ్చేసరికి నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలూ మా ముగ్గురి ఫోన్లు, రైలు టికెట్లు, డబ్బు అన్నీ ఆ ఒక్క గడియ మీద ఆధారపడి ఉన్నాయి. అమ్మ స్వామి ఎదుట నిలబడి సామాను గురించి ఆలోచించలేదు. నాకది చాలు.

చివరి రోజు తిరుచానూరు అమ్మవారి దర్శనానికి వెళ్తూ సామాను రైల్వే క్లోక్ రూంలో పెట్టాం. టికెట్ చూపాలి, ప్రతి బ్యాగుకూ తాళం ఉండాలి. అక్కడి నుంచి పెద్దగా చెప్పడానికేమీ లేదు, పని జరిగిపోయింది.

తిరుగు రైల్లో లెక్కలు వేసుకున్నాను. ఉక్కు రేకు సాంద్రత నీటికి 7.85 రెట్లు, లాకర్లకు వాడే ఇంకో ప్లాస్టిక్ రకం హెచ్‌డీపీఈది 0.95 చిల్లర. అంటే 5 మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్ పలక కూడా 0.8 మిల్లీమీటర్ల రేకుకన్నా తేలికే. తుప్పు పట్టదు, రంగు వేయక్కర్లేదు. స్నానాల గదుల పక్కన, ఈత కొలనుల దగ్గర, ఆసుపత్రుల్లో రోజూ కడిగే చోట్ల దానికి సాటి లేదు. జీఎస్టీ రెంటికీ ఒకటే, 18 శాతం. మరి మా ఊళ్లలో ఎందుకు కనపడవంటే, అచ్చు ఖర్చు. రేకు లాకరు నేను ఒక్కటైనా చేసివ్వగలను, అడిగిన కొలతకు మడత పెడతాను. ప్లాస్టిక్‌ది ఎక్కువగా అచ్చులో పోసి తీస్తారు. ఆ అచ్చుకే లక్షలవుతాయి, కాబట్టి వేల సంఖ్యలో ఒకే సైజు అమ్ముడుపోతేనే గిట్టుబాటు. పైగా ముడి సరుకు ముడి చమురు నుంచి వస్తుంది, చమురు ధర కదిలితే దాని ధరా కదులుతుంది. ధర తగ్గించాలనుకున్నవాడు ముందు కోసేది బందునూ గడియనూ. నా చేతికొచ్చిన తలుపు అలా తయారైందేనని నా అనుమానం. మిగతా పెట్టె గట్టిగానే ఉంది మరి.

మంట సంగతి కూడా మరవకూడదు. ఆ డార్మిటరీలో లాకర్ల పక్కనే ప్లగ్గులు, రాత్రంతా ఛార్జర్లు, ఒకాయన అగరొత్తులు. మామూలు ప్లాస్టిక్ అంటుకుంటే ఆగదు. మంటను అడ్డుకునే మందు కలిపిన రకం దొరుకుతుంది కానీ అది అడిగి తీసుకోవాలి.

హాస్టల్ ఆయనకు నిన్న కొటేషన్ పంపాను. గదుల్లోకి రేకువే, గాలి రంధ్రాలతో. బాత్రూముల బయట సబ్బులు, తువ్వాళ్లకు మాత్రం ప్లాస్టిక్‌వి, లోహపు బందులు ఉన్నవి. ధర ఎక్కువైందని ఫోన్ చేశాడు. "ముందు ఒకటి తెప్పిస్తానన్నా, తలుపు పట్టుకుని మీరే లాగి చూడండి" అన్నాను. శుక్రవారం వస్తానన్నాడు.