లైనక్స్ కోడ్ విండోస్‌లో కంపైల్ కావాలంటే: సిగ్విన్ మేలా, మింగ్‌డబ్ల్యూ మేలా?

లైనక్స్‌లో ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా కంపైలయిన సీ ప్రోగ్రామే. విండోస్‌లో మేక్ (ప్రోగ్రాంని కంపైల్ చేయించే కమాండ్) కొట్టగానే మొదటి ఫైల్లోనే ఆగిపోతుంది: 'సిస్/ఎంమ్యాన్.హెచ్' హెడర్ లేదట. ఆదిలోనే హంసపాదు. దాన్ని దాటిస్తే ఫోర్క్ (నడుస్తున్న ప్రాసెస్‌కి నకలు పుట్టించే కాల్) ఎవరో తెలియదంటుంది, ఆ తర్వాత సాకెట్ల (నెట్‌వర్క్ కోడ్) వంతు.

దీనికి రెండు టూల్స్ ఉన్నాయి: సిగ్విన్, మింగ్‌డబ్ల్యూ. సిగ్విన్‌తో వెళ్తే ఈ ఎర్రర్లు చాలావరకు కనబడవు. 1995లో మొదలైన ఈ ప్రాజెక్టు యూనిక్స్ కాల్స్‌ని విండోస్ మీద నడిపించే పొరను ఒక డీఎల్ఎల్‌ (లైబ్రరీ ఫైలు)లో పెట్టింది. ఆ లేదన్న హెడర్‌లోని ఎంమ్యాప్ (ఫైలును మెమరీలోకి మ్యాప్ చేసే కాల్) ఉంది, ఫోర్క్ ఉంది, సాకెట్ కోడ్ దాదాపు ఉన్నదున్నట్టే నడుస్తుంది. కాకపోతే మీ ఎగ్జీ (తయారైన ప్రోగ్రాం ఫైలు) ఎక్కడికెళ్తే ఆ డీఎల్ఎల్ కూడా వెంట వెళ్లాలి. అవతలి మెషీన్‌లో అప్పటికే వేరే వెర్షన్ ఉంటే రెండింటికీ పొసగకపోవచ్చు. ఫోర్క్ సంగతి మరీను. విండోస్‌లో అలాంటి కాల్ లేదు కాబట్టి, కొత్త ప్రాసెస్‌ని పుట్టించి పాతదాని మెమరీని అందులోకి కాపీ చేస్తుంది. అందుకే బుల్లి బుల్లి ప్రాసెస్‌లు వందలకొద్దీ పుట్టిస్తూ, కంపైల్‌కి ముందు మెషీన్‌లో ఏమేం ఉన్నాయో చూసే కన్ఫిగర్ స్క్రిప్ట్ పూర్తయ్యేలోపు టీ తాగి రావచ్చు.

మింగ్‌డబ్ల్యూలో ఆ పొర లేదు. కంపైలర్ లైనక్స్‌లో వాడే జీసీసీయే, బయటికొచ్చేది మాత్రం అసలు సిసలు విండోస్ ఎగ్జీ. ఎర్రర్లు ఒక్కొక్కటిగా మనమే తీర్చుకోవాలి. ఫోల్డర్ తయారుచేసే ఎంకేడిర్‌నే చూడండి. లైనక్స్‌లో ఫోల్డర్ పేరుతో పాటు 0755 అని పర్మిషన్ కూడా ఇస్తాం. ఇక్కడ పేరొక్కటే తీసుకుంటుంది, అందుకే ఆర్గ్యుమెంట్లు ఎక్కువయ్యాయని అరుస్తుంది. ఇఫ్‌డెఫ్ (ఏ సిస్టమ్‌కి ఆ కోడ్‌ని ఎంచుకునే షరతు) ఒకటి పెడితే తీరిపోతుంది. కానీ ఆ ఇఫ్‌డెఫ్‌లను దయచేసి కోడంతా చల్లకండి. ఒక్క కంపాట్ హెడర్‌లో పెట్టి, మిగతా ఫైళ్లన్నీ దాన్నే వాడుకునేలా చేయండి. సాకెట్లకైతే విన్‌సాక్ హెడర్, మొదట్లో డబ్ల్యూఎస్ఏస్టార్టప్ కాల్, లింకర్‌కి డబ్ల్యూఎస్2_32 లైబ్రరీ కావాలి. ఆ లైబ్రరీ పేరు ఆబ్జెక్ట్ ఫైళ్ల తర్వాతే రావాలి. ముందు రాసి, 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అన్న మాటనే చూస్తూ నేనొక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

అసలు టెన్షన్ ఎర్రర్లన్నీ పోయాక మొదలవుతుంది. 64 బిట్ లైనక్స్‌లో లాంగ్ (అంకెలు దాచుకునే టైపు) అంటే 8 బైట్లు, 64 బిట్ సిగ్విన్‌లోనూ అంతే. మింగ్‌డబ్ల్యూలో 4 బైట్లే. 3 జీబీ ఫైలు సైజును లాంగ్‌లో దాచుకుంటే అంకె నెగెటివ్‌లోకి జారిపోతుంది. అలాగే 'ఆర్' (టెక్స్ట్) మోడ్‌లో తెరిచిన బైనరీ ఫైల్లో 26 విలువున్న బైటు తగిలిందంటే మింగ్‌డబ్ల్యూ ప్రోగ్రాం ఫైలు అయిపోయిందనుకుని ఆగిపోతుంది. 'ఆర్‌బీ' (బైనరీ) మోడ్‌లో తెరవాలి. సిగ్విన్‌లో మామూలుగా ఈ బెడద ఉండదు.

విండోస్‌లోనే లైనక్స్‌ని నడిపించే, 2016లో వచ్చిన డబ్ల్యూఎస్ఎల్ ఉండగా ఈ గోలంతా ఎందుకంటారా? మీ ఒక్కరి మెషీన్‌లో అయితే అదే హాయి. విండోస్ ఎగ్జీ ఇవ్వమని అడిగేవాళ్లకు మాత్రం అది పనికిరాదు.

పదిమందికి ఇచ్చే ప్రోగ్రామైతే నా ఓటు మింగ్‌డబ్ల్యూకే. అయినా మొదలుపెట్టే ముందు కోడ్‌లో ఫోర్క్ ఎన్నిచోట్ల ఉందో గ్రెప్ కొట్టి చూసుకుంటాను. ఫోర్క్ వెంటనే ఎగ్జెక్ (వేరే ప్రోగ్రాంని నడిపించే కాల్) ఉంటే విండోస్ వాళ్ల క్రియేట్‌ప్రాసెస్ పెట్టి గట్టెక్కవచ్చు. ఎగ్జెక్ లేకుండా, పిల్ల ప్రాసెస్ తల్లి మెమరీ కాపీతోనే పని లాగించేస్తుంటే మాత్రం ఆ రోజు సిగ్విన్ ఇన్‌స్టాల్ చేస్తాను.