విశాఖలో హోమ్ స్టూడియోకి ఏ కంప్రెసర్: 76-కేటీనా, కేటీ-2ఏనా?

ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో ఇంట్లో ఓ గదిని స్టూడియోగా మార్చుకున్నవాళ్లు పాతకాలపు అసలు కంప్రెసర్లు (శబ్దంలో హెచ్చుతగ్గుల్ని అదుపు చేసే పరికరాలు) కొనడం అయ్యే పని కాదు. క్లార్క్ టెక్నిక్ అనే ఆడియో కంపెనీ వాటి నకళ్లు చవగ్గా తెచ్చింది. 76-కేటీ 1967 నాటి 1176 అనే కంప్రెసర్‌కి నకలు, కేటీ-2ఏ ఎల్‌ఏ-2ఏ అనే మరో పాత కంప్రెసర్‌కి.

1176 తరహాలో శబ్దం మీద పట్టు బిగించేది ఫెట్ అనే రకం ట్రాన్సిస్టర్. అసలు 1176 అటాక్ (శబ్దం పెరిగాక పట్టు బిగించడానికి పట్టే సమయం) 20 నుంచి 800 మైక్రోసెకన్లే. డప్పు మీద పుల్ల పడీ పడగానే అందుకుంటుంది. రేషియోలు (హద్దు దాటిన శబ్దాన్ని ఎన్నో వంతుకి తగ్గించాలో చెప్పేవి) 4, 8, 12, 20. ఒక్క తిరకాసు: అటాక్ నాబ్ కుడికి తిప్పేకొద్దీ వేగం పెరుగుతుంది, కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు.

ఎల్‌ఏ-2ఏ తరహాలో శబ్దాన్ని బట్టి లోపల వెలుగు హెచ్చుతగ్గులవుతుంది, దాన్ని చూసే ఫొటోసెల్ గెయిన్ (శబ్దం స్థాయి) తగ్గిస్తుంది. అటాక్ సుమారు 10 మిల్లీసెకన్లు. రిలీజ్‌లో, అంటే పట్టు వదిలేటప్పుడు, సగం చప్పున, మిగతా సగం సెకన్ల మీద తాపీగా వదులుతుంది. అందుకే గొంతు నొక్కినట్టు ఉండదు. తిప్పాల్సినవి ప్రధానంగా రెండే నాబ్‌లు. డప్పు దెబ్బలు మాత్రం దీని చేతికి చిక్కవు.

పాటలే ఎక్కువైతే నా ఓటు కేటీ-2ఏకే. తప్పెటగుళ్లు, ర్యాప్ రికార్డు చేసేవాళ్లకి 76-కేటీ. రెండూ మోనో యూనిట్లే, స్టీరియోకి జత కొనాలి. ఇంటర్‌ఫేస్‌లో (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కంప్రెసర్‌ని తగిలించడానికి ఖాళీ లైన్ ఇన్, లైన్ అవుట్ జాక్‌లు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. బీచ్ దగ్గర ఇల్లయితే ఉప్పుగాలికి జాక్‌లు చెడతాయి, వాడనప్పుడు కప్పి ఉంచండి.