నాలుగేళ్లుగా డిస్నీల్యాండ్ ఏడాది పాసులు: ఈ ధరకి ఇంకా కొనొచ్చా?

మేము కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో ఉంటాం. ఫ్రీవే ఖాళీగా ఉంటే అనహైమ్‌లోని డిస్నీల్యాండ్‌కి ఇరవై నిమిషాలు. 2021 నవంబర్ నుంచి మా ఇంట్లో ఆ పార్కు ఏడాది పాసులు ఉన్నాయి. ఇప్పుడు వాటి పేరు మ్యాజిక్ కీ. మూడేళ్లు ఇంటిల్లిపాదికీ తీసుకున్నాం, నాలుగో ఏడు చాలా తగ్గించుకున్నాం. ఈ చుట్టుపక్కలకి కొత్తగా మారిన తెలుగువాళ్లు ఎవరు కలిసినా "ఇంత రేటు పెట్టి కొనడం అవసరమా అండీ?" అని అడుగుతున్నారు. గుడి మెట్ల మీద నిలబడి చెప్తే సగమే చెప్పగలుగుతాను. అందుకే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

ముందు ధరలు, ఎందుకంటే అసలు బాధ అక్కడే. కరోనాతో పార్కు మూతపడి ఉండగా, 2021 జనవరిలో పాత ఏడాది పాసుల పద్ధతి ఎత్తేశారు. అదే ఏడాది ఆగస్టులో మ్యాజిక్ కీ పేరుతో నాలుగు రకాలు తెచ్చారు. అన్నిటికన్నా చవకది ఇమాజిన్, 399 డాలర్లు, దక్షిణ కాలిఫోర్నియా వాళ్లకి మాత్రమే. ఆ పైన ఎన్‌చాంట్ 649, బిలీవ్ 949, అన్నిటికీ పైన డ్రీమ్ 1,399. 2024 అక్టోబర్ వచ్చేసరికి ఇమాజిన్ 599, ఎన్‌చాంట్ 974, బిలీవ్ 1,374 అయ్యాయి. డ్రీమ్ స్థానంలో వచ్చిన ఇన్‌స్పైర్ 1,749కి చేరింది. కింది రెండు రకాలూ మూడేళ్లలో యాభై శాతం పెరిగాయి. మా ఇంట్లో జీతాలు అలా పెరగలేదు.

ఇంకో విషయం చాలామందికి కొనేటప్పుడే తెలుస్తుంది: పాసుల్లో పిల్లల ధర అంటూ లేదు. నాలుగేళ్లవాడికీ నలభై ఏళ్లవాళ్లకీ ఒకటే రేటు. మూడేళ్లు నిండని పసివాళ్లకి మాత్రం టికెట్టే అక్కర్లేదు.

మొదటి ఏడు మాకు మూడు ఎన్‌చాంట్ పాసులు సరిపోయాయి, బాబుకి అప్పుడు రెండేళ్లే. 1,947 డాలర్లు. ఆ ఏడాది పంతొమ్మిది సార్లు వెళ్లాం. అంటే ఒక్కో మనిషికి ఒక్కోసారికి 34 డాలర్లు పడింది. ఒక్కరోజు టికెట్ ఎంత తక్కువ రోజైనా 104 డాలర్లు ఉండే చోట అది మంచి బేరం.

అయితే ఆ పంతొమ్మిది సార్లలో పొద్దున్నుంచి రాత్రి దాకా ఉన్నది మూడు నాలుగు సార్లే. మిగతావన్నీ సాయంత్రాలు. స్కూలు వదిలాక నాలుగింటికి బయల్దేరి, ఒకటో రెండో రైడ్లు ఎక్కి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర బెంచీ మీద కూర్చుని తిని, ఎనిమిదిన్నరకల్లా ఇంటికి. బయటి తిండి లోపలికి తెచ్చుకోనిస్తారు, గాజు సీసాలు, గాజు డబ్బాలు మాత్రం కూడదు. ఒక్కరోజు టికెట్ మీద వెళ్తే అలా రాలేం. బాబు ఏడుస్తున్నా, పాప కాళ్లు లాగుతున్నాయన్నా "ఇంత డబ్బు పోశాం, ఇంకో రైడ్ ఎక్కండి" అంటాం. అందరం అంటాం. పాసు ఉన్నప్పుడు నేను ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. నాలుగేళ్లలో ఆ పాసు మాకు ఇచ్చిన అసలు సుఖం ఇదే: పిల్లలు అలిసిపోయిన నిమిషంలో, మనసులో ఏ లెక్కా లేకుండా ఇంటికి వచ్చేయగలగడం.

2023లో అమ్మా నాన్నా ఆరు నెలలకి వచ్చారు. పెద్దవాళ్లకి వయసు తగ్గింపు ఏమీ లేదు, అందుకని 104 డాలర్ల రోజు ఏదో క్యాలెండర్‌లో వెతికి ఇద్దరికీ టికెట్లు తీశాం. నాన్న విజయవాడ డివిజన్‌లో స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. పార్కు చుట్టూ ఆవిరి ఇంజిన్ రైలు తిరుగుతుంది కదా, మిగతావేవీ వద్దు, అదొక్కటి ఎక్కుతానన్నారు. న్యూ ఆర్లియన్స్ స్క్వేర్ స్టేషన్‌లో దిగగానే ఆగిపోయారు. అక్కడ టెలిగ్రాఫ్ గది లోంచి, తంతి పంపుతున్నట్టు, టకటకమని చప్పుడు వస్తూ ఉంటుంది. నాన్న చూపుడువేలు తెలియకుండానే స్టేషన్ కమ్మీ మీద ఆడింది. కాసేపు విని "అక్షరాలు అందట్లేదమ్మా, ఇది మా మోర్సు కాదు" అన్నారు. ఫోన్‌లో చూస్తే నిజమే. అది అమెరికా రైల్వేల పాత టెలిగ్రాఫ్ కోడ్, మన దగ్గర నేర్పిన అంతర్జాతీయ మోర్సుకి దానికీ తేడా ఉంది. 1955 జూలై 17న పార్కు ప్రారంభించినప్పుడు వాల్ట్ డిస్నీ చేసిన ప్రసంగంలోని మొదటి మాటలే అక్కడ అలా మోగుతుంటాయట. ఆ సంగతి చెప్పాక నాన్న ఇంకో అరగంట అక్కడే నిలబడ్డారు. పిల్లలు, నేను పక్కన కూర్చున్నాం. మాకు పాసులు ఉన్నాయి కాబట్టి ఆ అరగంట ఎవరికీ బరువనిపించలేదు. ఐదుగురం టికెట్లు కొనుక్కుని వచ్చి ఉంటే నేనే ఆయన్ని చెయ్యి పట్టి లాక్కెళ్లేదాన్నేమో.

ఇక వెళ్లడం తగ్గిన సంగతి. రెండో ఏడు ఎన్‌చాంట్ పాసు 699 అయింది, నవంబర్‌లో అమ్మకాలు తెరిచినప్పుడు బాబుకీ తీసుకున్నాం. నలుగురికి 2,796. పద్నాలుగు సార్లు వెళ్లాం, మనిషికి దాదాపు 50 పడింది. మూడో ఏడు 849 చొప్పున 3,396. పాపకి శనివారాలు కూచిపూడి క్లాసు, మా ఆయనకి కొత్త ఉద్యోగం, కాబట్టి తొమ్మిది సార్లే కుదిరింది. మనిషికి 94 డాలర్లు. చవక రోజు టికెట్‌కి మహా అయితే పది డాలర్లు తేడా. ఇందులో పార్కు తప్పేమీ లేదు, మా జీవితం మారింది. కానీ డబ్బు కన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఆ ఏడాది వేసవి మధ్యలోనే "పాసు వేస్ట్ అయిపోతోంది, ఈ వారం ఎలాగైనా వెళ్లాలి" అని నాకు టెన్షన్ మొదలైంది. అంటే ఏ సుఖం కోసం పాసు కొన్నామో, ధర పెరిగేకొద్దీ అది చేతిలోంచి జారిపోయింది. ఒక శుక్రవారం పాపకి జలుబుగా ఉన్నా బయల్దేరదీశాను. దారిలో కారు వెనక్కి తిప్పాను. ఆ రాత్రే మా ఆయనతో అన్నాను, వచ్చేసారి ఇలా కొనొద్దు అని.

రిజర్వేషన్ సంగతి కూడా తెలిసి కొనండి. పాసు ఉన్నంత మాత్రాన ఎప్పుడంటే అప్పుడు లోపలికి పోలేం. మన రకానికి మూసిన రోజులు ముందే క్యాలెండర్‌లో ఉంటాయి, మిగతా రోజులకి ముందుగా బుక్ చేసుకోవాలి. మేము తీసుకున్నప్పుడు ఎన్‌చాంట్‌కి ఒకేసారి నాలుగు, ఇమాజిన్‌కి రెండు బుకింగులే ఉంచుకోనిచ్చేవారు. బుక్ చేసుకుని 90 రోజుల్లో మూడుసార్లు రాకపోతే 30 రోజులు కొత్త బుకింగ్ ఇవ్వరు. ఇది గొడవ కూడా అయింది. మూసిన రోజులే లేవని చెప్పి అమ్మిన పాత డ్రీమ్ పాసుకి రిజర్వేషన్లు దొరకడం లేదని ఒకరు కోర్టుకి వెళ్లారు. 2023లో డిస్నీ 95 లక్షల డాలర్లకి రాజీ చేసుకుంది. పాసుదారులు లక్ష మందికి పైనే కాబట్టి ఒక్కొక్కరికి వచ్చింది 67 డాలర్లు. మాకు ఏ సాయంత్రం వెళ్లాలో ముందుగానే అనుకునే అలవాటు కాబట్టి పెద్ద ఇబ్బంది కాలేదు. అప్పటికప్పుడు అనుకుని వెళ్లే ఇళ్లకి మాత్రం ఇది కష్టమే.

పాసు ధరలో కలవనివి కూడా లెక్క వేసుకోండి. పార్కింగ్ 2024లో రోజుకి 35 డాలర్లు ఉండేది, అన్నిటికన్నా పై రకం పాసుకే అది పూర్తిగా కలిసి వస్తుంది, మిగతావాళ్లకి కొంత తగ్గింపే. కరోనాకి ముందు ఉచితంగా దొరికిన ఫాస్ట్‌పాస్ పోయి, లైన్ దాటి వెళ్లే సౌకర్యానికి 2021 డిసెంబర్‌లో మనిషికి 20 డాలర్లు పెట్టారు, 2024 అక్టోబర్‌కి అది 32. మేము అది ఒక్కసారి కూడా కొనలేదు. పాసు ఉన్నవాళ్లకి దాని అవసరం లేదని నా గట్టి నమ్మకం: ఈ రోజు లైన్ పొడుగ్గా ఉంటే వచ్చే వారం ఎక్కుతాం.

మా బాబు స్పేస్ మౌంటెన్ అనే రైడ్ అలాగే ఎక్కాడు. దానికి 40 అంగుళాల ఎత్తు ఉండాలి. 2024 జనవరిలో కొలిచే కర్ర కింద నిలబడితే అంగుళం తక్కువ. పెదవి బిగబట్టుకుని, ఏడవకుండా నా చెయ్యి పట్టుకుని బయటికి వచ్చాడు. మేలో ఒక బుధవారం సాయంత్రం మళ్లీ నిలబెట్టాం. కర్ర వాడి జుట్టుకి తగిలి ఆగింది. "అమ్మా, తగిలింది! తగిలింది!" అని వాడు అరిచిన అరుపుకి లైన్‌లో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆ ఒక్క రైడ్ ఎక్కి, దిగి, నేరుగా ఇంటికి వచ్చేశాం. ఆ సాయంత్రం విలువ నేను ఏ లెక్కలోనూ వేయలేను, వేయను కూడా.

కాలిఫోర్నియా వాళ్లకి వడ్డీ లేకుండా నెలవారీ కట్టుకునే సౌకర్యం ఉంది. మేమూ వాడాం. నెలకి రెండు వందల చిల్లర అంటే తేలిగ్గా అనిపిస్తుంది. కానీ కొన్నాక వెనక్కి ఇవ్వడం ఉండదు, ఏడాది మొత్తం కట్టాల్సిందే. కాబట్టి మొత్తం అంకె కాగితం మీద రాసుకుని చూశాకే తీసుకోండి. ఈ ప్రాంతంలోనే ఇంకో పార్కు పాసు ఒకసారి కొని దెబ్బతిన్నాం. పేరు వద్దులెండి. ఏడాది తీరాక కూడా కార్డు లోంచి నెల నెలా డబ్బు పోతూనే ఉంది, నాలుగో నెల గానీ చూసుకోలేదు. ఆపించడానికి మూడు ఫోన్లు చేయాల్సి వచ్చింది, పోయింది తిరిగి రాలేదు. ఏ పాసు కొన్నా, తనంతట తనే రెన్యూ అయ్యే ఏర్పాటు ఉందా అని మొదటి రోజే చూడండి.

2024 నవంబర్‌లో ఎన్‌చాంట్ నలుగురికీ రెన్యూ చేస్తే 3,896 అయ్యేది. వద్దనుకున్నాం. నాకూ పిల్లలిద్దరికీ ఇమాజిన్ తీసుకున్నాం, 1,797. మా ఆయన వచ్చే రోజుకి టికెట్ కొంటాం. ఇమాజిన్‌కి వేసవిలో చాలా రోజులు, సెలవు రోజులు, చాలా వారాంతాలు మూసే ఉంటాయి. మాకు కావలసినవి స్కూలు రోజుల సాయంత్రాలే కాబట్టి పోయిందేమీ లేదు. పదకొండు సార్లు వెళ్లొచ్చాం, టెన్షన్ లేకుండా.

కాబట్టి నన్ను అడిగేవాళ్లకి నా జవాబు ఇది. అరగంట దూరంలో ఉండి, వారం మధ్యలో సాయంత్రాలు ఖాళీ ఉండి, పదేళ్ల లోపు పిల్లలు ఉంటే చవక రకం తప్పకుండా కొనండి, ఈ ధరకీ గిట్టుబాటే. గంటన్నర డ్రైవ్ చేసి వచ్చేవాళ్లు, శని ఆదివారాలే కుదిరేవాళ్లు కొనకండి. ఏడాదికి రెండు రోజులు టికెట్ తీసుకుని హాయిగా చూడండి. బే ఏరియా నుంచో టెక్సస్ నుంచో ఏడాదికి మూడు ట్రిప్పులు వేస్తామని పై రకం పాసు కొనబోతున్న స్నేహితులు ఇద్దరిని నేను ఇప్పటికే ఆపాను. పై రకాలు ఈ ధరలో ఎవరికి పనికొస్తాయంటే, నెలకి మూడు నాలుగు సార్లు కారు వేసుకుని వెళ్లేవాళ్లకే, వాళ్లకి పార్కింగ్ ఒక్కటే చాలావరకు కలిసొస్తుంది.

ఇమాజిన్ ఇంకో వంద పెరిగితే నేనూ ఆపేస్తాను. మా ఆయనకి, పిల్లలకి ఆ మాట చెప్పి ఉంచాను. ఫిబ్రవరిలో అమ్మా నాన్నా మళ్లీ వస్తున్నారు. నాన్న ఈసారి ఆ పాత రైల్వే కోడ్ అక్షరాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుని నేర్చుకుంటున్నారట, అమ్మ ఫోన్‌లో చెప్పింది. వాళ్లిద్దరికీ మంగళవారం టికెట్లు చూసి పెట్టాను.