బోరు మోటారు, ప్రెషర్ పంపు: పదకొండేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

హైదరాబాదు శివార్లలో, ఇబ్రహీంపట్నం వైపు, 2014లో మేము ఇల్లు కట్టుకున్నాం. కృష్ణా, గోదావరి నీళ్లు నగరానికి చేరుతున్నా మా వీధి దాకా ఆ పైపులైను రాలేదు కనుక, తాగే నీళ్ల క్యాన్లు మినహాయిస్తే ఇంటి అవసరాలన్నీ బోరు మీదే నడుస్తున్నాయి. ఈ పదకొండేళ్లలో బోరులో నీటి అడుగున మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటార్లు రెండు, కుళాయిల్లో నీటి ఒత్తిడి పెంచే ప్రెషర్ పంపు ఒకటి వాడాను. మొదటి మోటారు పద్నాలుగు నెలలకే కాలిపోయింది. రెండోది పదేళ్లుగా పనిచేస్తోంది. తయారీలో రెండూ మంచివే. మొదటిది మా బోరుకు తగిన మోటారు కాదు, రెండోది తగినది. తేడా అంతా అక్కడే ఉంది.

మా బోరు ఆరున్నర ఇంచుల వెడల్పు, 480 అడుగుల లోతు. పైన 60 అడుగుల వరకు మట్టి కూలకుండా వేసే పైపు (కేసింగ్) ఉంది, దాని కింద అంతా గ్రానైటు రాయి. ఈ ప్రాంతంలో నీరు రాతి పగుళ్లలోనే దొరుకుతుంది. మాకు 180 అడుగుల దగ్గర ఒక నీటి పాయ, 290 అడుగుల దగ్గర మరొక పాయ తగిలాయి. ఆ తర్వాత బోరు చివరి వరకు కొత్త పాయ ఏదీ తగలలేదు. బోరు వేసిన రోజున ‘రెండు ఇంచుల నీళ్లు పడ్డాయి’ అన్నారు. ఆ మాటను నమ్మి మోటారు కొనడం నేను చేసిన మొదటి పొరపాటు. కంప్రెసర్ గాలికి ఎగజిమ్మిన నీటిని చూసి చెప్పే ఆ లెక్క, ఏప్రిల్, మే నెలల్లో బోరు గంటకు ఎన్ని లీటర్లు ఊరుతుందో చెప్పదు.

పెద్ద మోటారైతే ట్యాంకు త్వరగా నిండుతుందన్న సలహాతో రెండు హెచ్‌పీ మోటారు దింపించాను. చలికాలంలో అది నిమిషానికి 55 లీటర్లు తోడేది, మేమూ సంతోషించాం. ఎండాకాలం వచ్చేసరికి పావుగంట తిరగకుండానే పైపులో గాలి కొట్టడం మొదలయ్యేది. ఇంట్లో ఎవరూ చూడని వేళల్లో మోటారు అలా నీళ్లు లేకుండానే తిరిగి, 2015 ఏప్రిల్‌లో దాని లోపలి తీగచుట్ట (వైండింగ్) కాలిపోయింది. పైకి తీసిన మేస్త్రీ దాన్ని ఒక్కసారి చూసి, ‘బోరు కన్నా మోటారు పెద్దదైంది సార్’ అన్నాడు. ఆ మాట కొనే ముందే వినివుంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తర్వాత నేను లెక్క కట్టడం నేర్చుకున్నాను. ఆరున్నర ఇంచుల బోరులో ఒక్కో అడుగుకు దాదాపు ఆరున్నర లీటర్ల నీరు నిలుస్తుంది. వేసవిలో మా నీటిమట్టం 240 అడుగులు, మోటారు 320 అడుగుల దగ్గర ఉంది. అంటే మోటారు పైన 80 అడుగుల నీరు, సుమారు 520 లీటర్లు. ట్యాంకు దగ్గర బకెట్టు, గడియారం పెట్టుకుని రెండు రోజులు కొలిస్తే, వేసవిలో బోరు నిమిషానికి 12 లీటర్లు మాత్రమే ఊరుతోందని తేలింది. నిమిషానికి 50 లీటర్లు తోడే మోటారు ఆ నిల్వను పద్నాలుగు నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. 28 లీటర్లు తోడేదైతే అరగంట పైన నడుస్తుంది. మోటారు ఎంత బలమైనదైనా, ఊరే నీటిని మించి ఒక్క లీటరు కూడా అదనంగా ఇవ్వదు.

ఇక ఎత్తు సంగతి. మోటారు నడుస్తుండగా నీరు 300 అడుగుల దాకా దిగిపోతుంది, నేల నుంచి మేడ మీది ట్యాంకుకు మరో 35 అడుగులు, పైపు రాపిడికి కొంత కలుపుకుంటే మొత్తం 100 మీటర్లు దాటుతుంది. అందుకని రెండోసారి హెచ్‌పీ ఎంత అని అడగలేదు. సికింద్రాబాదు రాణిగంజ్‌లో పంపుల దుకాణాలు తిరిగి, ‘100 మీటర్ల ఎత్తుకు నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుంది’ అని అడిగి, కంపెనీ ఇచ్చే పట్టిక చూసి, ఒకటిన్నర హెచ్‌పీ, 18 స్టేజీల మోటారు తీసుకున్నాను. స్టేజీ అంటే పంపులో ఒకదానిపై ఒకటి పేర్చిన, నీటిని పైకి నెట్టే చక్రాల (ఇంపెల్లర్ల) వరుసలో ఒకటి. ఒకే హెచ్‌పీలో స్టేజీలు పెరిగితే ఎత్తు పెరుగుతుంది, లీటర్లు తగ్గుతాయి. మా బోరుకు కావలసింది సరిగ్గా అదే. సబ్‌మెర్సిబుల్ పంపులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 8034 ముద్ర ఉన్నదే కొనడం మంచిది. ఆయిల్ నింపిన మోటారా, నీరు నింపిన మోటారా అన్న చర్చ చాలా వింటాం కానీ, నేను నీరు నింపినదే ఎంచుకున్నాను. సీలు పాడైతే నూనె బోరు నీటిలో కలుస్తుందన్న భయం ఉండదు.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. సబ్‌మెర్సిబుల్ పంపులో మోటారు భాగం కింద, నీరు పీల్చే జాలీ దాని పైన ఉంటాయి. నీరు కింది నుంచి మోటారును ఒరుసుకుంటూ పైకి వస్తేనే అది చల్లబడుతుంది. మా పాయలు రెండూ మోటారుకు పైనే ఉన్నాయి కనుక నీరు నేరుగా జాలీలోకి దిగిపోతుంది, మోటారు చుట్టూ ఉన్న నీరు కదలదు. అందుకే మేస్త్రీ ఐదు ఇంచుల పీవీసీ పైపు ముక్కను మోటారుకు తొడుగులా బిగించి, దాని పై మూతి మూసి, నీరు తొడుగు అడుగు నుంచే లోపలికి వచ్చేలా చేశాడు. అతి తక్కువ ఖర్చుతో అయిన ఈ పనే మోటారు పదేళ్ల ఆయుష్షుకు సగం కారణమని నా నమ్మకం.

కేబులు విషయంలోనూ పిసినారితనం పనికిరాదు. బోరు నుంచి స్టార్టర్ దాకా మాకు 113 మీటర్ల కేబులు పట్టింది. తొమ్మిదిన్నర ఆంపియర్లు పారేటప్పుడు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్లో సుమారు 16 వోల్టులు, 4 చదరపు మిల్లీమీటర్లదైతే 10 వోల్టులు దారిలోనే పోతాయి. మాకు వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ 190కి పడిపోతుంది; అప్పుడు ఆ ఆరు వోల్టులూ విలువైనవే. మోటారును వేలాడదీసే పైపుల్లో, పదేసి అడుగుల ముక్కలను స్క్రూలా తిప్పి బిగించే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కాలమ్ పైపులే నాకు నచ్చాయి. జీఐ (జింకు పూత ఇనుప) పైపు మా నీటికి తుప్పు పడుతుంది, హెచ్‌డీపీఈ (వంగే ప్లాస్టిక్) పైపు చుట్ట దింపడానికి సులువే కానీ మోటారు తీయవలసి వచ్చినప్పుడు నలుగురు మనుషులు కావాలి.

స్టార్టర్ పెట్టెలో డ్రై రన్ రక్షణ, అంటే నీరు లేకుండా తిరిగితే మోటారును ఆపే ఏర్పాటు, తప్పక ఉండాలి. నీరు నిండుగా వస్తున్నప్పుడు మా మోటారు 9.4 ఆంపియర్లు లాగుతుంది, గాలి కొట్టేటప్పుడు 6కు తగ్గుతుంది. రక్షణను 7.5 దగ్గర సరిచేసి పెట్టాను. ఆంపియర్లు తగ్గగానే మోటారు ఆగిపోయి, రెండు గంటల తర్వాత తానే మళ్లీ మొదలవుతుంది. ఈ పదేళ్లలో పెట్టెలోని కెపాసిటర్లు రెండుసార్లు మార్చాను, కాంటాక్టుల మధ్య చీమలు చేరి ఒకసారి మోటారు మొరాయించింది. అంతకు మించి ఆ పెట్టె ఇబ్బంది పెట్టలేదు.

ప్రెషర్ పంపు దగ్గరికి వస్తే, బోరు మోటారునే నేరుగా ప్రెషర్ ట్యాంకుకు (నీటిని గాలి ఒత్తిడితో నిల్వ ఉంచే చిన్న ట్యాంకుకు) కలిపే పద్ధతి కొందరు సూచించారు. నీరు పుష్కలంగా ఊరే చోట అది బాగానే నడవవచ్చు. మా లాంటి బోరుకు నేను ఒప్పుకోను. కుళాయి తిప్పిన ప్రతిసారీ 320 అడుగుల లోతున ఉన్న మోటారు లేవడం దానికి మంచిది కాదు. అందుకే బోరు నీరు ముందు మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకు చేరుతుంది, అక్కడి నుంచి అర హెచ్‌పీ ప్రెషర్ పంపు తీసుకుంటుంది. ట్యాంకు కింద ఉన్న పై అంతస్తు స్నానాల గదికి రెండు మీటర్ల ఎత్తే దొరికేది, అంటే 0.2 బార్ ఒత్తిడి. ఆ ధారకు షవర్ సన్నగా కారేది. ఇప్పుడు 1.5 బార్ దగ్గర పంపు మొదలై 2.8 దగ్గర ఆగుతుంది. పంపుతో పాటు వచ్చిన ప్రెషర్ ట్యాంకు 24 లీటర్లదే అయినా, ఈ రెండు హద్దుల మధ్య నిజంగా వాడకానికి వచ్చేది ఏడున్నర లీటర్లే. మిగిలిన చోటు చాలావరకు గాలిదే. మళ్లీ కొనవలసి వస్తే 60 లీటర్ల ట్యాంకు తీసుకుంటాను, పంపు లేచే సార్లు బాగా తగ్గుతాయి.

ఆ గాలిని పట్టించుకోకపోవడం వల్లనే నాలుగో ఏట ప్రెషర్ ట్యాంకు లోపల నీటినీ గాలినీ వేరుచేసే రబ్బరు సంచి (బ్లాడర్) చిరిగింది. కుళాయి తిప్పగానే పంపు టకటకా లేస్తూ ఆగుతూ ఉండేది. గాలి వాల్వు పిన్ను నొక్కితే గాలి బదులు నీరు చిమ్మింది, బ్లాడర్ పోయిందనడానికి అదే గుర్తు. కొత్తది వేసినప్పటి నుంచి మూడు నెలలకోసారి కరెంటు ఆపి, ట్యాంకులోని నీరంతా వదిలి, టైరు పంపుతో 1.3 బార్ గాలి నింపుతున్నాను. పంపు మొదలయ్యే హద్దు కన్నా 0.2 తక్కువగా ఉంచాలి. మా నీరు బాగా ఉప్పన, సున్నం పేరుకుంటుంది. ప్రెషర్ స్విచ్చుకు వెళ్లే సన్నటి గొట్టం ఆ సున్నంతో మూసుకుపోయి పంపు ఆగకుండా తిరిగిన రోజు ఒకటుంది. ఏడాదికోసారి ఆ గొట్టం విప్పి శుభ్రం చేయాలి. రాత్రి ఎవరూ నీళ్లు వాడకపోయినా పంపు లేస్తే, ఎక్కడో ఫ్లష్ కారుతోందని అర్థం.

స్టార్టర్ పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీశాను. నెలకోసారి వోల్టేజీ, ఆంపియర్లు, ట్యాంకు నిండడానికి పట్టిన నిమిషాలు రాస్తాను. చలికాలంలో 31 నిమిషాల్లో నిండే ట్యాంకుకు 2021 జనవరిలో 50 నిమిషాలు పట్టింది, ఆంపియర్లు మాత్రం మారలేదు. మోటారు ఆపాక బోరులోకి నీరు జారే చప్పుడు వినిపించింది. పైకి తీయిస్తే పై నుంచి తొమ్మిదో పైపు అతుకు దగ్గర కారుతోంది. రబ్బరు రింగులన్నీ మార్పించి, ఎలాగూ పైకి వచ్చింది కనుక అరిగిన ఇంపెల్లర్ల స్థానంలో కొత్తవి కూడా వేయించాను. ఆ పుస్తకం లేకపోతే, నీటిమట్టం తగ్గిందనుకుని ఇంకో ఏడాది కరెంటు బిల్లు కడుతూ ఊరుకునేవాళ్లం.

బోరు చుట్టూ 2016లో ఇంకుడు గుంట తవ్వించాం. మేడ మీది వాన నీరు కంకర, ఇసుక పొరల గుండా దానిలోకి దిగుతుంది. మురికి నీరు పాయల్లోకి చేరుతుందన్న భయంతో నేరుగా బోరులోకి వదలలేదు. ఈ మే నెలలో నమోదైనవి: వోల్టేజీ 204, ఆంపియర్లు 9.6, నిమిషానికి 27 లీటర్లు, డ్రై రన్ రక్షణ పనిచేసేసరికి 33 నిమిషాలు. ఈ మోటారు ఆగిపోయిన రోజున మళ్లీ ఒకటిన్నర హెచ్‌పీనే, 18 స్టేజీలతోనే దింపిస్తాను. ఆ లోపు ప్రెషర్ ట్యాంకు మార్చే పని వచ్చే దసరాకు పెట్టుకున్నాను.