మామయ్య సమాధి రాయి కోసం ఒంగోలు, చెన్నై, చీమకుర్తి

ఈస్టరుకి అమ్మ, అత్తయ్య, నేను హైదరాబాదు నుంచి ఒంగోలు వెళ్లాం. సరిహద్దులో డ్యూటీలో ఉండగా మంచుచరియలు విరిగిపడి చనిపోయిన మా చిన్న మామయ్య సమాధికి కొత్త రాయి వేయించాలన్నది అమ్మ చిరకాల కోరిక. అప్పట్లో సిమెంటు మీద గీసిన అక్షరాలు అరిగిపోయి పేరు సగమే కనిపిస్తోంది. ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, త్యాగ చక్రం గోడల మీద గ్రానైటు పలకపై ఆయన పేరు ఉంది. మా తమ్ముడు వెళ్లి ఫొటో తీసుకొచ్చాడు. మోకాళ్ల నొప్పులతో అమ్మ అంత దూరం పోలేకపోయింది. ఏడ్చినా ప్రార్థన చేసుకున్నా ఆమెకి ఊరి సమాధుల తోటే.

ముందు బస సంగతి. మేం దిగిన లాడ్జి ఒంగోలు బస్టాండుకి దగ్గర. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. కానీ ఈస్టరు ఆరాధన సమాధుల తోటలో తెల్లవారకముందే మొదలవుతుంది. మేం చీకటితోనే తయారై కిందికి దిగితే షట్టరుకి తాళం! వాచ్‌మన్ ఫోన్ ఎత్తడు. అమ్మకి ఒకటే టెన్షన్. చివరికి ఆయన వచ్చి తీసేసరికి చాలాసేపు పట్టింది. ఈస్టరుకో, నవంబరు 2న సమాధుల పండుగకో వచ్చేవాళ్లు రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉండే చోటే దిగండి. కాస్త ఎక్కువ అడిగినా ఇచ్చేయండి. మా కారు డ్రైవరు మాత్రం చెప్పిన టైముకి ముందే వచ్చి బయట నిలబడ్డాడు. సమాధుల తోట దాకా దారి బాగాలేకపోయినా విసుక్కోలేదు. పెద్దవాళ్లని చెయ్యి పట్టుకుని దింపాడు.

ఊళ్లో వాళ్లు అప్పటికే సమాధులన్నిటికీ సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించారు. పాస్టరు అయ్యగారు మామయ్య సమాధి దగ్గర ఆగి యోహాను సువార్త 15వ అధ్యాయం 13వ వచనం చదివారు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టేవాడి ప్రేమ గురించిన మాట అది. యేసు తన సిలువకి ముందు చెప్పిన ఆ మాటని సైనికుడికి అన్వయించవచ్చా అని నాకు ఎప్పటి నుంచో సందేహం. అయ్యగారినే అడిగాను. "మనం చనిపోయినవాళ్లకి మొక్కం కదమ్మా. ఇలాంటి మనిషిని మనకిచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్తాం. అందులో తప్పేముంది?" అన్నారు. అత్తయ్య ఆ మాటకి తల ఊపింది. క్రైస్తవ కుటుంబాల్లో సైనికుణ్ణి స్మరించుకోవడం ఇలాగే ఉండాలని నాకూ అనిపించింది. ఆడంబరం అక్కర్లేదు, మర్చిపోకూడదు.

ఒంగోలులో ప్రార్థన కొండ కూడా చూశాం. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ప్రార్థన చేసిన చోటు అది. ఎండెక్కకముందే వెళ్లాలి, నీళ్లు వెంట ఉంచుకోవాలి.

రాయి మీద ఏం రాయించాలో మాత్రం ఇంట్లో తేలలేదు. అందుకే సైనికుల సమాధి రాళ్ల మీద ఏం రాస్తారో చెన్నై నందంబాక్కంలోని మద్రాసు వార్ సిమెట్రీలో చూసొద్దామన్నాను. రాత్రికి నెల్లూరులో ఆగాం. అక్కడి లాడ్జిలో గది చిన్నదే కానీ లిఫ్టు ఉంది, రాత్రి కూడా మనిషి ఉన్నాడు. అమ్మలాంటి వాళ్లతో వెళ్లినప్పుడు నేను ఇలాంటిదే ఎంచుకుంటాను. పొద్దున్నే ఇడ్లీలు కట్టించుకుని హైవే ఎక్కితే చెన్నై చేరడానికి పెద్ద కష్టం లేదు. సిటీలోకి వచ్చాకే ట్రాఫిక్.

సిమెట్రీకి టికెట్ లేదు. గడ్డి కత్తిరించి, మొక్కలకి నీళ్లు పట్టి, ఇంటి ముంగిలిలా ఉంచారు. దక్షిణ, తూర్పు భారతంలో ఎక్కడెక్కడో సంరక్షణ కష్టమైన స్మశానాల నుంచి రెండో ప్రపంచ యుద్ధం నాటి సమాధులని ఇక్కడికి చేర్చారట. ఎనిమిది వందల పైచిలుకు ఉన్నాయి. అధికారికీ సిపాయికీ ఒకే కొలత రాయి. 1917లో ఏర్పడి, ఇలాంటి సైనిక సమాధులని చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ పెట్టుకున్న నియమం అది. హోదాని బట్టి, మతాన్ని బట్టి తేడా చూపరు. నంబరు, హోదా, పేరు, దళం, చనిపోయిన తేదీ, వయసు. కొన్నిటి మీద అడుగున ఇంటివాళ్లు ఎంచుకున్న చిన్న మాట. ఒక రాయి మీద ఇరవై ఒకటేళ్ల వయసు చూసి అత్తయ్య అక్కడే ఆగిపోయింది. ఆ కుర్రాడి తల్లి ఎప్పుడైనా ఇక్కడికి రాగలిగిందో లేదో అని అమ్మ ఒకటే బాధపడింది. ముగ్గురం అక్కడే నిలబడి, ఎవరో తెలియని ఆ కుటుంబాల కోసం ప్రార్థన చేసుకున్నాం.

అక్కడ నీడ తక్కువ. కూర్చునే చోటు, టాయిలెట్ చూసుకుని వెళ్లాలి. పెద్దవాళ్లుంటే పొద్దున పూటే మేలు. ఒక గంట సరిపోతుందనుకున్నాం కానీ చాలలేదు.

తిరుగు దారిలో చీమకుర్తి వెళ్లాం. బంగారు చుక్కలు మెరిసే ఇక్కడి గెలాక్సీ గ్రానైటుకి ప్రపంచమంతా గిరాకీ. అమ్మకి కూడా అదే నచ్చింది. ఒక షాపులో చెక్కిన నమూనా చూపించమన్నాను. ఎండలో పెట్టి చూస్తే ఆ చుక్కల మధ్య చిన్న అక్షరాలు కలిసిపోతున్నాయి. కొంచెం దూరం నుంచి చదవాలంటే కళ్లు చికిలించాలి. ఆ షాపతను అయినా అదే తీసుకోమని పట్టుబట్టాడు, అడ్వాన్సు మొత్తం ముందే కావాలన్నాడు. అక్కడి నుంచి వచ్చేశాం. రెండో చోట పెద్దాయన సాదా నల్లరాయి మీద లోతుగా చెక్కి తెల్ల రంగు నింపిన ముక్క చూపించాడు. వేలితో తడిమినా పేరు తెలుస్తోంది. అక్షరాలు కాగితం మీద రాసి మాతో సంతకం పెట్టించుకున్నాకే పని మొదలుపెడతానన్నాడు. అది నాకు బాగా నచ్చింది.

హోదా, ఆర్మీ నంబరు, పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ. కింద ఆ యోహాను వచనం సంఖ్య మాత్రమే. వచనం మొత్తం వేయిద్దామని నేనంటే, "చూసినవాళ్లు బైబిలు తెరిచి చదువుతారులే వదినా" అని అత్తయ్య అమ్మతో అంది. అమ్మ ఒప్పుకుంది. రాయి ఊరికి చేర్చి బిగించే ఖర్చు కూడా కలిపే మాట్లాడుకున్నాం.