"నేను ఆరగించాను": జావాలో వారం రోజులు

జావా వెళ్లేవారు సాధారణంగా ఇండోనేషియా భాషలో నాలుగు ముక్కలు నేర్చుకుని బయలుదేరతారు. స్టేషన్లో, దుకాణంలో దానితో పని జరిగిపోతుంది. కానీ యోగ్యకర్తా, సోలో ఊళ్లలో జనం అరుగుల మీద కూర్చుని మాట్లాడుకునేది జావనీస్. మన తెలుగులాగే దాన్ని మాట్లాడేవారూ 8 కోట్లకు అటూ ఇటూగా ఉంటారు. ఈసారి నేనూ మా చెల్లెలూ గుళ్లతో పాటు ఆ మాటల వెంట కూడా పడదామనుకున్నాం.

మొదటి రెండు రాత్రులు యోగ్యకర్తాలో మాలియోబొరో వీధి పక్కన హోటల్లో దిగాం. గది శుభ్రం, స్నానానికి వేడినీళ్లు, పొద్దున్నే ఫలహారం. వంక పెట్టడానికేమీ లేదు. అయితే నేను "సుగెంగ్ ఎంజింగ్" అని శుభోదయం చెప్పడం పూర్తయ్యేలోపే కౌంటరు దగ్గరి అమ్మాయి ఇంగ్లీషు అందుకునేది. మూడో రోజు ప్రవిరోతమన్ వైపు ఒక సందులో, ఇంట్లోనే గదులు అద్దెకిచ్చే చోటికి మారాం. అద్దె సగం. స్నానానికి బకెట్టూ చెంబూ, అది మనకు కొత్త కాదు. తెల్లవారకముందే మసీదు మైకూ కోడికూతలూ నిద్ర లేపుతాయి. నిద్ర ముఖ్యమనుకునేవారికి హోటలే మేలు.

నాకు మాత్రం ఆ ఇంటావిడ దొరికింది. సాయంత్రం వరండాలో కూర్చుని "సంపున్ డహర్?" అని అడిగింది, భోజనమైందా అని. ఆ మాటనే పట్టుకుని గొప్పగా "కులో సంపున్ డహర్" అన్నాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కనున్న మనవడు ఇంగ్లీషులో వివరించాక తెలిసింది: "డహర్" ఎదుటివారిని గౌరవిస్తూ అనే మాట, తన గురించి తాను అనకూడదు. నేను అన్నది మన దగ్గర ఎవరైనా "నేను ఇప్పుడే ఆరగించాను" అన్నట్టుంది! నా గురించైతే "నెడో" అనాలి. స్నేహితుల మధ్య "మంగన్" సరిపోతుంది.

జావనీస్ అంతా ఇలాగే అంతస్తుల మీద నడుస్తుంది. చనువుగా మాట్లాడేది న్గొకో, మర్యాదగా మాట్లాడేది క్రొమో, ఆ పైన పెద్దల కోసం క్రొమో ఇంగ్గిల్. మనకు మీరు, నువ్వు మారితే క్రియ చివర మారుతుంది. వీళ్లకు మాటే మారిపోతుంది. బెరింగ్‌హర్జో బజారులో బాటిక్ గుడ్డ చూపించి "పిరో?" అని ధర అడిగితే ఆ పెద్దావిడ ఏమీ అనుకోలేదు గానీ, రెండో దుకాణంలో అదే మాటను మర్యాదగా "పింతెన్, బూ?" అనగానే స్టూలు జరిపి కూర్చోమంది. ధర తగ్గించలేదనుకోండి.

తెలుగువారికి రెండు సదుపాయాలున్నాయి. ఒకటి, ద, డ తేడా వాళ్లకూ ఉంది. "వెది" అంటే భయపడటం, "వెడి" అంటే ఇసుక. మిగతా పర్యాటకులు తడబడేది ఇక్కడే. రెండోది, మర్యాద మాటల్లో సంస్కృతం దండిగా ఉండటం. నీళ్లు తోయో, ఇల్లు గ్రియో. చివరి అకారాన్ని ఒకారంగా పలుకుతారని తెలిస్తే తోయం, గృహం వాటంతటవే కనబడతాయి. పెద్దవారి తల ముస్తోకో, చెయ్యి అస్తో.

డబ్బు కట్టి రెండు గంటల భాషా తరగతి ఒకటి తీసుకున్నాం. దండగ. బొమ్మల మీద బొమ్మలు తిప్పుతూ పుట్టినరోజు శుభాకాంక్షల దాకా నేర్పారు గానీ, రోజుకు ఇరవైసార్లు అవసరపడే "నువున్ సెవు" సంగతే ఎత్తలేదు. సందులో పెద్దలు కూర్చుని ఉంటే కాస్త వంగి, కుడిచెయ్యి కిందికి చాపి ఆ మాట అంటూ దాటాలి. "మొంగ్గో" అని దారిస్తారు. సెవు అంటే వెయ్యి, వెయ్యి మన్నింపులన్నమాట. ప్రంబనన్ దగ్గరి చండి సెవు అనే ఆలయ సముదాయం కూడా పేరుకు వెయ్యి గుళ్లే (చండి అంటే గుడి), లెక్కకు 249.

సోలోకు లోకల్ రైలు టికెట్టు 8,000 రూపియా, గంట పైచిలుకు ప్రయాణం. యోగ్యకర్తా చూసినవారు సోలో వదిలేస్తుంటారు. మాటల కోసమైతే నేను సోలోకే ఓటేస్తాను. పాసర్ గెడె బజారులో దవెత్ అనే కొబ్బరిపాల పానీయం అమ్మే ఆవిడ మా ఉచ్చారణ విని ఇండోనేషియా భాషలోకి మారలేదు. "సెదొసొ ఎవు" అని మర్యాద లెక్కలోనే పదివేలు చెప్పి, మాకు అర్థమయ్యేదాకా ఆగింది. దారి అడిగినప్పుడు మాత్రం కష్టం. కుడి, ఎడమ అనరు. లొర్, కిదుల్, వెతన్, కులొన్ అని దిక్కులు చెబుతారు, వేలితో కాక బొటనవేలితో చూపిస్తూ. తూర్పు ఎటో తెలియని మా చెల్లెలు ఫోనులో దిక్సూచి తెరిచింది.

బయలుదేరే రోజు పొద్దున్నే సంచులు వరండాలో పెట్టాం. ఇంటావిడ ఏదో అరటాకు పొట్లం చేత్తో పట్టుకుని వచ్చి "సంపున్ డహర్?" అంది. ఇంతకాలం ఎదురుచూసిన ప్రశ్న. తడుముకోకుండా "కులో సంపున్ నెడో" అన్నాను. ఆమె మెచ్చుకోలుగా తలూపి, పొట్లం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నిజానికి మేమింకా ఏమీ తినలేదు. ఎయిర్‌పోర్టు రైల్లో చెల్లెలు నాతో మాట్లాడలేదు.