తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో షెల్టీ

మా కుక్కను చూసిన ప్రతివాళ్లూ "కోలీ జాతి పిల్లా?" అనే అడుగుతారు. కాదు, ఇది షెట్లాండ్ షీప్‌డాగ్, ముద్దుగా షెల్టీ. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో గొర్రెలు కాసిన జాతి. ఎదిగాక ఎత్తు 13 నుంచి 16 అంగుళాలే.

దీన్ని పెంచడంలో సగం పని జుట్టుదే. పైన పొడవాటి గరుకు వెంట్రుకలు, లోపల దూదిలాంటి మెత్తటి పొర. మొదటి ఏడాది రోజూ పైపైన దువ్వి, ఎంత మెరుస్తోందో అని మురిసిపోయాను. ఒకరోజు చెవి వెనక గోకుతుంటే వేళ్లకు గట్టి ఉండ తగిలింది. విడదీసి చూస్తే జుట్టు అట్టకట్టి, కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. వేళ్లతో చిక్కు విప్పడానికి గంట పట్టింది. అంతసేపూ నా మణికట్టు నాకుతూ కూర్చుంది పాపం. అప్పటినుంచి వారానికి రెండుసార్లు కాస్త నీళ్లు చిలకరించి, పాయలు తీసి, చర్మం కనిపించేదాకా దువ్వుతున్నాను. చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక ముఖ్యం. బొచ్చు రాలే రోజుల్లో అయితే రోజూ తప్పదు. ఎండలకని గుండు మాత్రం చేయించకండి. ఆ జుట్టే ఎండ నుంచి కాపాడుతుంది, తీసేస్తే మళ్లీ సరిగా రాకపోవచ్చు.

తెలివి అమోఘం, మనసు సున్నితం. గొంతు పెంచితే రెండు గంటలు ముడుచుకుపోతుంది. మొరుగుడు మాత్రం ఎక్కువ. "చాలు" అంటే ఆపడం నేర్పడానికి ఆరు నెలలు పట్టింది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లవాళ్లు ఇది బాగా ఆలోచించుకోవాలి. పిల్లలు పరిగెడితే చుట్టూ తిరిగి మూలకు తోలేస్తుంది, మడమల దగ్గర పంటితో తాకుతుంది కూడా. సైకిల్ కనిపిస్తే వెంటపడుతుంది కాబట్టి బయట బెల్టు విప్పను.

ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు. ఈ జాతిలో కొన్నింటికి ఎండీఆర్1 అనే జన్యులోపం ఉంటుంది. అలాంటివాటికి పురుగులకు వేసే ఐవర్‌మెక్టిన్ మందు ఎక్కువ మోతాదులో పడితే ప్రాణం మీదికొస్తుంది. విరేచనాలు ఆగడానికి మనం వేసుకునే మాత్ర లోపెరమైడ్ కూడా ప్రమాదమే. కుక్కపిల్ల రాగానే పరీక్ష చేయించండి. కొత్త డాక్టరు దగ్గరికి వెళితే నేను కుక్క పేరు కన్నా ముందు ఈ సంగతే చెబుతాను.